ఈలా జాతిలో పశుసంపద, పలుకుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

జాంబియాలోని ఈలా వాళ్ల గురించి ఆంత్రపాలజీ పాఠాల్లో ఒకటి రెండు పేరాలకు మించి ఉండదు. చదివినవాళ్లకు "పశువులే హోదా" అన్న మాట గుర్తుండిపోతుంది. ఆ పశువులు హోదాగా ఎలా మారతాయన్నది మాత్రం తెలియదు. విద్యార్థుల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. "పాత కాలం" అన్నచోట 19వ శతాబ్దం చివరి నుంచి 1920 దాకా అని అర్థం చేసుకోండి. మిషనరీ ఎడ్విన్ స్మిత్, ప్రభుత్వాధికారి ఆండ్రూ డేల్ రాసిపెట్టిన వివరాలు ఆ కాలానివే.

## ముందుగా తెలియాల్సినవి

ఈలా వాళ్లు ఎవరు? ఎక్కడ ఉంటారు?

జాంబియా దక్షిణ ప్రాంతంలో, కఫూయే నది వెంట, నమ్వాలా జిల్లా చుట్టూ ఉండే బంటు భాషా సమూహం. వాళ్ల భాష చీలా. పక్కనే ఉన్న టోంగా భాషకు చాలా దగ్గరిది. కఫూయే మైదానం వానాకాలం తర్వాత వరద నీటిలో మునుగుతుంది, నీరు తీశాక పచ్చగడ్డితో నిండుతుంది. ఎండాకాలంలో చుట్టుపక్కల మెట్ట భూముల్లో గడ్డి ఎండిపోయినప్పుడు ఇక్కడ మేత దొరుకుతుంది. అంత పెద్ద మందలు సాధ్యమైంది అందుకే. అయితే వీళ్లు సంచార పశుపోషకులు కారు. ఊళ్లలో స్థిరంగా ఉండి జొన్న, మొక్కజొన్న పండిస్తారు, చేపలు పడతారు.

వీళ్లకు రాజు లేడంటారు, నిజమేనా?

జాతి మొత్తానికి ఒకే రాజు లేడు. చీషీ అనే చిన్న చిన్న ప్రాంతాలు ఉండేవి. ఒక్కో దానికి ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ చిన్న ఊళ్లు, ఒక మ్వామి. మ్వామి అంటే ప్రాంత పెద్ద. పక్క చీషీ మీద అతనికి అధికారం లేదు. ఈ ప్రాంతానికి వచ్చిన యూరోపియన్ యాత్రికులకు ఇది చేదుగానే తెలిసివచ్చింది. 1886లో ఎమిల్ హోలుబ్ బృందం మీద, 1888లో ఫ్రెడరిక్ సెలూస్ బృందం మీద దాడులు జరిగాయి. ఒక ఊరి పెద్దతో కుదిరిన స్నేహానికి తర్వాతి ఊరిలో విలువ ఉండేది కాదు.

అయితే ఎక్కువ ఆవులున్నవాడే నాయకుడా?

కాదు. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే. దొడ్డిలో ఊరికే కట్టేసి ఉన్న మంద ఎవరికీ పలుకుబడి తేదు. పశువులు చేతులు మారినప్పుడు మనుషులు కట్టుబడతారు. పెళ్లికి సాయం అందుకున్న మేనల్లుడు, పాడి ఆవును మేపుకోవడానికి తీసుకున్న పొరుగువాడు, జరిమానా తీర్చిపెట్టినందుకు ఋణపడ్డ మనిషి, వీళ్లంతా ఇచ్చినవాడి వెనక నిలబడతారు. తగువులో, యుద్ధంలో, పెద్దను ఎన్నుకునే సభలో పనికొచ్చేది ఆ తలల లెక్క. ఎంత మంద ఉన్నా పంచనివాడు ధనవంతుడిగానే మిగిలిపోతాడు.

ఇన్ని పశువులు పాల కోసమా, మాంసం కోసమా?

రెండూ ఉన్నాయి, కానీ మంద పెంచడానికి అవి మాత్రమే కారణం కాదు. పాలను సొరబుర్రలో పులియబెట్టి మాబీసీ చేస్తారు. అది రోజువారీ తిండి. స్థానిక బైలా రకం ఆవులు సాంగా జాతికి చెందినవి. పాలు తక్కువే ఇస్తాయి కానీ వేడిని, మేత కొరతను బాగా తట్టుకుంటాయి. మాంసం కోసం మామూలు రోజుల్లో కోయడం అరుదు. చావు, పెళ్లి, పూజ లాంటి సందర్భాల్లో కోస్తారు. 20వ శతాబ్దంలో నాగలి వచ్చాక ఎద్దుల విలువ ఒక్కసారిగా పెరిగింది. ఎక్కువ జతలున్నవాడు ఎక్కువ పొలం దున్నగలడు, లేనివాళ్లకు ఎద్దులిచ్చి వాళ్ల పనిని పొందగలడు.

## పశువు ఎవరిది?

ఒక దొడ్డిలో కనిపించే మంద అంతా ఒక్కరిదేనా?

చాలాసార్లు కాదు. ఒకే దొడ్డిలో ఇంటిపెద్ద సొంత పశువులు, భార్యలవి, పెళ్లికాని కొడుకులవి, మేనల్లుళ్ల పేరున ఉన్నవి, వేరే ఊరివాళ్లు మేపమని ఇచ్చినవి కలిసి ఉంటాయి. ఒక్కో పశువు మీద కూడా రెండు మూడు రకాల హక్కులుంటాయి. పాలు ఒకరివి, దున్నే హక్కు ఒకరిది, అమ్మే హక్కు మరొకరిది, అడగకుండా అమ్మితే అభ్యంతరం చెప్పే హక్కు బంధువులది. ఫలానా మనిషికి ఫలానా పశువు సొంతం అన్న మాటను ఏ హక్కు గురించో చెప్పకుండా వాడితే గందరగోళమే మిగులుతుంది.

సొంత పశువులను వేరేవాళ్ల దగ్గర ఎందుకు ఉంచుతారు? ఏ షరతుల మీద?

మన ఊళ్లలో పెయ్యను పాలికిచ్చి మేపించే పద్ధతికి ఇది కొంత దగ్గర. కాకపోతే పాలికిచ్చినప్పుడు లాభం పంచుకోవడం ముఖ్యం, ఇక్కడ సంబంధం నిలబెట్టుకోవడం ముఖ్యం. ఇచ్చేవాడు ఒకటో రెండో ఆవులను తీసుకునేవాడి దొడ్డికి తోలిస్తాడు. తీసుకున్నవాడు పాలు తాగుతాడు, ఎరువు వాడుకుంటాడు, ఎద్దయితే దున్నుకుంటాడు. పుట్టిన దూడలు ఇచ్చినవాడివే. బాగా చూసుకున్నందుకు ఎప్పుడైనా ఒక దూడ బహుమతిగా దక్కవచ్చు. పశువు చస్తే వెంటనే కబురు పంపాలి, తోలో మాంసమో చూపించాలి.

పశువులను చెదరగొట్టి ఉంచడానికి మూడు కారణాలున్నాయి. రోగం వస్తే మంద మొత్తం ఒకేసారి పోదు. పాత కాలంలో దోపిడీ దండు వచ్చినా ఒక ఊరి పశువులనే పట్టుకుపోగలిగేది. మూడోది అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం: ఆవు ఉన్న ప్రతి ఊరిలో ఒక మిత్రుడు ఉంటాడు. జాతి మొత్తానికి రాజు లేని చోట, పరాయి చీషీలో అడుగుపెట్టాలంటే అలాంటి మిత్రుడే రక్ష.

చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇచ్చినవాడు చనిపోయినప్పుడు. ఏ దూడ ఏ ఆవుకు పుట్టిందో సాక్షులు లేకపోతే వారసులకూ మేపినవాడికీ తగువు తప్పదు. అందుకే పశువును అప్పగించేటప్పుడు ఇరువైపులా మనుషులను పక్కన పెట్టుకుంటారు.

ఆడవాళ్లకు సొంత పశువులు ఉండొచ్చా?

ఉండొచ్చు. వారసత్వంగా, కూతురి పెళ్లికి వరుడి వైపు నుంచి వచ్చే సొమ్ములో వాటాగా, సొంత సంపాదనతో కొని, ఇలా ఆడవాళ్ల చేతికి పశువులు వస్తాయి. కానీ అవి సాధారణంగా భర్త దొడ్డిలోనో అన్నదమ్ముల దొడ్డిలోనో ఉంటాయి. మందను బహిరంగంగా నడిపించేది మగవాళ్లే కాబట్టి, ఆ పశువుల వల్ల వచ్చే పేరు ఎక్కువగా మగవాళ్లకే పోతుంది.

యజమాని చనిపోతే పశువులు ఎవరికి?

ఈలా వాళ్లలో రెండు వైపుల బంధుత్వానికీ బలముంది. ఊరిలో కలిసి బతికేది ప్రధానంగా తండ్రి వైపు వాళ్లు. ముకోవా అనే తల్లి వైపు వంశం మాత్రం ఎన్నో ఊళ్లలో చెదిరి ఉంటుంది. దాంతో కొడుకులు, తమ్ముళ్లు, మేనల్లుళ్లు అందరూ హక్కుదారులే. కర్మ ముగిశాక బంధువులు కూర్చుని ప్రధాన వారసుణ్ని నిర్ణయిస్తారు. అతను చనిపోయినవాడి పేరు, స్థానం, బాధ్యతలు అందుకుంటాడు. మిగతావాళ్లకు వాటాలు దక్కుతాయి. పెద్ద మంద ఒక తరం దాటి ఒకే చేతిలో ఉండకపోవడానికి ఈ పంపకమే పెద్ద కారణం.

ఇప్పటి చట్టం వేరు. వీలునామా రాయకుండా చనిపోతే 1989 నాటి జాంబియా వారసత్వ చట్టం ప్రకారం పిల్లలకు 50 శాతం, భార్య లేదా భర్తకు 20 శాతం, తల్లిదండ్రులకు 20 శాతం, ఆధారపడ్డవాళ్లకు 10 శాతం. సంప్రదాయ హక్కు కింద ఉన్న భూమికి, మ్వామి పదవికి చెందిన ఆస్తికి, ఉమ్మడి కుటుంబ ఆస్తికి ఈ లెక్క వర్తించదు. ఏది సొంతం, ఏది ఉమ్మడి అన్నదాని మీదే తగువులు మొదలవుతాయి.

## మంద నుంచి పలుకుబడి దాకా

పెళ్లికీ రాజకీయానికీ సంబంధం ఏమిటి?

వరుడి వైపు నుంచి వధువు వైపుకు వెళ్లే సొమ్మును చికో అంటారు. పాత రోజుల్లో గొడ్డళ్లు, పారలు, పూసలు, దుప్పట్లు కూడా ఇందులో ఉండేవి. పోనుపోను పశువులదే పైచేయి అయింది. కుర్రవాడికి సొంత మంద ఉండదు కాబట్టి తండ్రి, మేనమామ, ఇతర పెద్దలు తలా కొంత వేసుకుంటారు. ఎవరు వేశారో అందరికీ గుర్తే. ఆ కుర్రవాడు తర్వాత ఏ పెద్ద మాట వింటాడన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

వధువు వైపు కూడా చికోను తండ్రి తరఫు, తల్లి తరఫు పంచుకుంటారు. పెళ్లి చెడిపోతే తిరిగివ్వాల్సి వస్తుంది కాబట్టి పంచుకున్నవాళ్లంతా కాపురం నిలబడాలని చూస్తారు. పశువులున్నవాడు ఎక్కువమందిని పెళ్లాడగలిగేవాడు. భార్యలు పెరిగితే పొలం పెరుగుతుంది, ధాన్యం పెరుగుతుంది, పనికి పిలిచినవాళ్లకు పోయడానికి జొన్నకల్లు ఉంటుంది, పిల్లలు పెరుగుతారు. కొన్ని ఏళ్లకు అతని ఇంటి చుట్టూ ఒక ఊరే తయారవుతుంది.

బానిసల గురించి చదివాను. వాళ్లకీ పశువులకీ లంకె ఉందా?

ఉంది, దాన్ని దాటేసి రాయకూడదు. పాత కాలంలో పశువులిచ్చి పొరుగు జాతుల నుంచి మనుషులను తెచ్చుకునేవాళ్లు. తప్పు చేసి నష్టపరిహారం కట్టలేనివాళ్లు, కరువులో తిండి కోసం తాకట్టు పడ్డవాళ్లు కూడా బానిసలయ్యేవాళ్లు. వాళ్లు యజమాని అనుచరగణాన్ని పెంచేవాళ్లు. బంధువుల్లా మేనమామ వైపుకో మరో వైపుకో లాగేవాళ్లు ఉండరు కాబట్టి పెద్దలకు వాళ్ల విధేయత విలువైనది. బానిసకు పెళ్లి, ఇల్లు, సొంత పశువులు కూడా అసాధ్యం కావు. అయినా వెనక నిలబడే బంధుగణం లేకపోవడం వల్ల అతని పరిస్థితి ఎప్పుడూ యజమాని దయ మీదే ఆధారపడేది. బ్రిటిష్ పాలన స్థిరపడ్డాక ఈ దారి మూసుకుపోయింది.

తగువుల్లో పశువులు ఎలా పనిచేస్తాయి?

హత్య, వ్యభిచారం, దొంగతనం, పొరపాటున జరిగిన నష్టం, అన్నింటికీ పరిహారం ఉండేది. తీర్పును బలవంతంగా అమలు చేసే కేంద్ర అధికారం లేదు. వాది వెనక ఎంతమంది ఉన్నారు, ప్రతివాది వెనక ఎంతమంది ఉన్నారు అన్నదాన్ని బట్టి పరిహారం వసూలయ్యేది, లేదా ఎగ్గొట్టబడేది. కట్టలేని పేదవాడు పశువులున్న పెద్దను ఆశ్రయిస్తాడు. ఆ పెద్ద తన మందలోంచి తోలించి ఇచ్చాడంటే, ఆనాటి నుంచి ఇతను ఆయన మనిషి. ఒక్క ఎద్దుతో ఒక కుటుంబం మొత్తం పక్షం మారగలదు.

చావుకు అన్ని పశువులను ఎందుకు కోస్తారు? అది నష్టం కాదా?

పశువుల లెక్కలో నష్టమే. పెద్దమనిషి చనిపోతే వచ్చినవాళ్లందరికీ మాంసం పెట్టాలి. ఇంటివాళ్లతో పాటు బంధువులూ ఎద్దులు తెచ్చి కోస్తారు. ఆయన ముద్దుగా పెంచుకున్న ఎద్దును కోసి, దాని తోలును శవానికి చుట్టడం పాత ఆచారం. ఎవరు ఎన్ని తెచ్చారు, ఎవరికి ఏ భాగం దక్కింది అన్నది జనం బాగా గమనిస్తారు. వారసుడిగా నిలవాలనుకునేవాడు ఇక్కడ చేయి ముడిస్తే తర్వాత సభలో మాట చెల్లదు. మిషనరీలు, అధికారులు దీన్ని దుబారా అన్నారు. చనిపోయినవాడి అనుచరులను కొత్త పెద్ద తనవైపు తిప్పుకునే సమయం ఇదేనని చూస్తే, ఆ ఖర్చు ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

గుండ్రంగా ఉండే ఈలా ఊరి పటం చూశాను. అందులో హోదా ఎలా కనిపిస్తుంది?

పాత పెద్ద ఊరు ఒక పెద్ద వలయం. ఆ వలయం చిన్న చిన్న వలయాలతో తయారవుతుంది. ఒక్కో చిన్న వలయం ఒక పెద్ద కుటుంబం ఆవరణ. ఆవరణలో వాకిలి వైపు పశువుల దొడ్లు, సామాను కొట్లు, వెనక వైపు ఇళ్లు. ఊరి ద్వారం దగ్గర చిన్న ఆవరణలు, వెనక్కి వెళ్లే కొద్దీ పెద్దవి. అంటే ద్వారానికి ఎంత దూరంగా ఉంటే అంత హోదా. వలయం లోపల మ్వామి కుటుంబం ఆవరణ విడిగా ఉంటుంది. ఈ అమరికను జ్యామితి దృష్టితో చూసి రాన్ ఎగ్లాష్ ఫ్రాక్టల్‌కు, అంటే ఒకే ఆకారం చిన్న, పెద్ద పరిమాణాల్లో మళ్లీ మళ్లీ వచ్చే అమరికకు ఉదాహరణగా చూపాడు. ఇప్పటి ఊళ్లు చాలావరకు చెదిరి ఉన్నాయి, ఈ పటం నేడు ఉన్నట్టుగా రాయకండి.

షిమునెంగా ఉత్సవంలో పశువులెందుకు?

షిమునెంగా నమ్వాలా జిల్లాలోని మాలా ప్రాంతపు పూర్వీక దైవం. ఏటా సెప్టెంబరు లేదా అక్టోబరులో, నిండు పున్నమి సమయంలో ఉత్సవం జరుగుతుంది. యజమానులు తమ మందలను జనం ముందు, దైవం ముందు తోలుకెళ్తారు. ఏడాదంతా వేరువేరు దొడ్లలో ఉన్న సంపద ఒక్కరోజు కళ్ల ముందు నడుస్తుంది. ఒకప్పుడు లెచ్వే జింకల వేట కూడా ఇందులో భాగం, ఇప్పుడు దానికి అనుమతి లేదు. మగవాళ్లు తమ పశువులను, బంధువులను, సాధించినవాటిని పాడుకునే జియాబీలో పాటలు ఈలా, టోంగా రెండు చోట్లా ఉన్నాయి. తన గురించి తనే పాడుకోవడం అక్కడ తప్పు కాదు, పెద్దరికంలో భాగం.

## మ్వామి పదవి

మ్వామిని ఎలా ఎన్నుకుంటారు? పశువులు లేనివాడికి అవకాశం ఉందా?

పాత మ్వామి చనిపోయాక ఆ ప్రాంత పెద్దలు, ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. వంశం చూస్తారు, కానీ పెద్దకొడుక్కే అన్న కట్టుబాటు లేదు. కొడుకులు, మేనల్లుళ్లు, సోదరులు పోటీలో ఉంటారు. వాళ్లలోంచి నోరు మంచిది, చేయి పెద్దది, తగువు తీర్చగల ఓర్పు ఉన్నవాణ్ని ఎంచుతారు. పేదవాణ్ని వద్దనే నియమం లేదు. అయితే వచ్చినవాళ్లకు తిండి పెట్టలేనివాడు, ఆపదలో ఉన్నవాడి తరఫున పరిహారం కట్టలేనివాడు ఆ పని చేయలేడు. అందుకే ఆచరణలో కొంత మంద ఉన్నవాళ్లకే అవకాశం.

పదవిలోకి వచ్చాక మ్వామి మాటకు తిరుగులేదా?

ఉంది. ముఖ్యరికం అంటే దాస్యమే అనే అర్థం వచ్చే సామెత ఈలా వాళ్లకుంది. మ్వామి ప్రజలను పెంచి పోషించాలి, తల్లి బిడ్డను చూసుకున్నట్టు చూసుకోవాలన్నది వాళ్ల భావన. పిసినారి అయితే, ఒకవైపే తీర్పులిస్తే జనం మూటముల్లె సర్దుకుని, పశువులను తోలుకుని వేరే పెద్ద దగ్గరకు వెళ్లిపోతారు. భూమికి కొరత లేని రోజుల్లో ఇది పెద్ద ఆయుధం.

## మారిన కాలం

లోజి దాడులు ఏం మార్చాయి?

పశ్చిమాన ఉన్న లోజి రాజు లెవానికా సేనలు 1882లోనూ 1888లోనూ ఈలా ప్రాంతం మీద పడి పశువులను, మనుషులను పట్టుకుపోయాయి. చీషీలు కలిసి ఎదుర్కోలేకపోయాయి. పశువులే బలమైన చోట వాటిని తోలుకుపోవడమంటే పెద్దల చేతిలోని రాజకీయ సాధనాన్నే లాక్కోవడం.

పశురోగాల ప్రభావం ఎంత?

1890ల్లో ఆఫ్రికా అంతటినీ ఊపేసిన ముసర వ్యాధి దక్షిణానికి వచ్చినప్పుడు పశుసంపద కుప్పకూలింది. 20వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతంలో డెంకెటే అని పిలిచే, గోమార్ల ద్వారా సోకే తైలేరియా జ్వరం దూడలను ఎక్కువగా చంపింది. గోమార్లను చంపే మందులో పశువులను ముంచే తొట్ల నిర్వహణ ఎక్కడ ఆగిపోతే అక్కడ అది విజృంభిస్తుంది. రోగం పశువులను చంపడంతో ఆగదు. పాత ఋణాలు తీరవు, పెళ్లిళ్లు వాయిదా పడతాయి, నిన్నటి పెద్ద ఇవాళ ఎవరికీ ఏమీ ఇవ్వలేడు.

బ్రిటిష్ పాలన మ్వామి బలాన్ని పెంచిందా, తగ్గించిందా?

రెండూ. 1924 దాకా బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ, ఆ తర్వాత వలస ప్రభుత్వం కొందరు మ్వామిలను గుర్తించి, మిగతావాళ్లను వాళ్ల కింద పెట్టాయి. 1930 ప్రాంతం నుంచి పరోక్ష పాలన కింద కోర్టు, జీతం, పన్ను పని వాళ్లకు వచ్చాయి. గుర్తింపు పొందినవాడికి పైనుంచి అండ దొరికింది. అదే సమయంలో జనం మద్దతు లేకపోయినా పదవిలో ఉండగలిగాడు. మందతో మనుషులను నిలబెట్టుకోవాల్సిన ఒత్తిడి తగ్గింది.

హ్యారీ న్కుంబులా ఈలా మనిషేనా? ఆయన బలం పశువులేనా?

అవును, 1916లో మాలాలో పుట్టాడు. 1951లో ఉత్తర రొడీషియా (నేటి జాంబియా) ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. ఆయన బలం మందలోంచి రాలేదు, చదువు, ఉపాధ్యాయ వృత్తి, పార్టీ నిర్మాణం లోంచి వచ్చింది. కాకపోతే దక్షిణ ప్రాంతపు ఈలా, టోంగా పశుపోషకులు, నాగలి రైతులు ఆయనకు గట్టి పునాది. 1973లో చోమా ఒప్పందంతో ఆయన పార్టీ పాలక పార్టీలో కలిసింది.

ఆనకట్టల వల్ల మేతకు ఇబ్బంది ఏమిటి?

1970ల్లో కఫూయే గార్జ్, ఇతెజితెజి ఆనకట్టలు వచ్చాక వరద ప్రకృతి లెక్కన రావడం మానేసి విద్యుత్ అవసరాల లెక్కన వస్తోంది. కొన్ని చోట్ల నీరు నిలిచిపోతుంది, కొన్ని చోట్ల అసలు ఎక్కదు. నీరు తీశాక మందలను మైదానంలోని విడిది దొడ్లకు, అంటే మతంగాలకు తోలి, వానలు పడ్డాక ఊళ్లకు తెచ్చే పాత క్రమం దెబ్బతింది. మంచి మేత తగ్గితే ఏ కుటుంబానికి ఎక్కడ విడిది అన్న తగువు పెరుగుతుంది.

ఇప్పుడు మ్వామిలకు ఏ అధికారం మిగిలింది?

సంప్రదాయ భూమి మీద ప్రధానంగా మిగిలింది. 1995 భూచట్టం కింద అలాంటి భూమిని లీజు పట్టాగా మార్చాలంటే మ్వామి సమ్మతి కావాలి. మ్వామిని గుర్తించే, గుర్తింపు తీసేసే అధికారాన్ని ఎవరికీ కట్టబెట్టే చట్టం చేయకూడదని 2016 రాజ్యాంగ సవరణ చెప్పింది. మరోవైపు లుసాకాలో ఉద్యోగం చేస్తూ జీతంతో పశువులు కొని నమ్వాలాలో బంధువుల దగ్గర ఉంచేవాళ్లున్నారు. పశువును బంధువు దొడ్డిలో ఉంచే పాత పద్ధతిలోకి జీతం డబ్బు ఇలా చేరుతోంది.

## చదివేవాళ్లకు, క్షేత్ర పరిశీలన చేసేవాళ్లకు

నూయెర్, మాసాయి లాంటి ఇతర ఆఫ్రికా పశుపోషక జాతులతో పోల్చి రాయొచ్చా?

రాయొచ్చు, తేడాలు చెప్పి. నూయెర్‌లో పెద్దల పదవులు బలహీనం, ఈలాలో మ్వామి పదవి ఉంది. మాసాయిలో వయసు శ్రేణులు నడిపించే పనిని ఈలాలో బంధుత్వం, ఊరు, అనుచరగణం నడిపిస్తాయి. 1926లో మెల్విల్ హెర్స్‌కోవిట్స్ చెప్పిన క్యాటిల్ కాంప్లెక్స్ (జీవితమంతా పశువుల చుట్టూ తిరిగే సంస్కృతి) భావనను ఈలాకు గుడ్డిగా తగిలించకండి. పశువుల మీద వ్యామోహం అని తేల్చేస్తే పెళ్లి, పరిహారం, అరువు, దుక్కి అన్నీ కనపడకుండా పోతాయి.

ఒకరికి ఎన్ని పశువులున్నాయో ఎలా లెక్కించాలి?

నేరుగా "మీకెన్ని?" అని అడిగితే మర్యాదగా ఉండదు, వచ్చే జవాబు సరిగ్గానూ ఉండదు. ముందు స్థానిక పెద్ద ద్వారా అనుమతి తీసుకోండి. దొడ్డివారీగా లెక్కపెట్టి, ఒక్కో పశువు ఎవరు ఇచ్చింది, ఎప్పుడు వచ్చింది, తల్లి ఏది అని మేపే కుర్రవాడినీ ఇంటిపెద్దనూ విడివిడిగా అడగండి. కుర్రవాడికి ఒక్కో ఆవు వంశం నోటికొచ్చు. తర్వాత బయట ఊళ్లలో ఉంచిన పశువులను విడి పట్టికలో రాయండి, లేకపోతే ఒకే పశువు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మందలు మైదానంలో ఉండే ఎండాకాలపు లెక్కనూ, ఊళ్లకు తిరిగొచ్చాక తీసిన లెక్కనూ కలపకండి. చివరగా, గత పదేళ్లలో ఇంటి నుంచి బయటికి వెళ్లిన పశువులను అడిగి రాయండి: చికోకి ఎన్ని, పరిహారానికి ఎన్ని, చావులకు ఎన్ని, అరువుకు ఎన్ని. ఆ ఇంటి పలుకుబడి గురించి దొడ్డిలో మిగిలినవాటి కంటే ఈ పట్టికే ఎక్కువ చెబుతుంది.